బెర్లిన్ కంటే ముందు వైమార్: నాజీల ఎదుగుదలపై అపోహలు - వాస్తవాలు

డిగ్రీ పిల్లలకు, గ్రూప్-1 రాసేవాళ్లకు ఆధునిక యూరప్ చరిత్ర చెప్పడం నా పని. నాజీల పాఠం మీద ప్రశ్న ఇస్తే జవాబులన్నీ ఒకే అచ్చులో దిగుతాయి. వెర్సాయ్ సంధి, తోపుడుబండి నిండా నోట్లు, ఆర్థిక మాంద్యం, హిట్లర్ ఉపన్యాసాలు, 1933. ఇందులో ఏదీ అబద్ధం కాదు. కానీ ఆ పార్టీకి అధికారం తలుపు ఎవరు తీశారో ఎవరూ రాయరు. అందుకే నేను ముందు తురింగియాతో మొదలుపెడతాను. జర్మనీ నడిబొడ్డున ఉన్న చిన్న రాష్ట్రం, అప్పటి రాజధాని వైమార్. హిట్లర్ ఛాన్సలర్ కావడానికి మూడేళ్ల ముందే అక్కడ ఒక నాజీ మంత్రయ్యాడు.

అపోహ: 1923 నాటి ద్రవ్యోల్బణమే నాజీలను గెలిపించింది.

నోట్ల విలువ పడిపోయి బండెడు మోసుకెళ్లిన ఆ తోపుడుబండి ఫొటో అంటే మన పిల్లలకు మహా మోజు. కానీ తేదీలు చూడండి. 1923 తర్వాత అయిదేళ్లకు, 1928 మేలో జాతీయ పార్లమెంటు ఎన్నికలు జరిగితే నాజీలకు వచ్చింది 2.6 శాతం ఓట్లు, 12 సీట్లు. అంతకుముందు, 1924 డిసెంబరులో వచ్చిన 14 కంటే అది కూడా తక్కువే.

అపోహ: లక్షల మంది ఉద్యోగాలు పోయాకే ఆ పార్టీ లేచింది.

దేశం మొత్తానికి ఇది చాలావరకు నిజం. 1930 సెప్టెంబరులో 12 సీట్లు కాస్తా 107 అయ్యాయి. కానీ తురింగియా శాసనసభ ఎన్నికలు జరిగింది 1929 డిసెంబరు 8న. న్యూయార్క్ స్టాక్ మార్కెట్ కుప్పకూలి అప్పటికి ఆరు వారాలే. జర్మనీలో నిరుద్యోగులు 60 లక్షలకు చేరడం 1932 నాటి మాట. తురింగియా దాకా మాంద్యం ఇంకా పూర్తిగా రాలేదు, అయినా నాజీలకు 11.3 శాతం ఓట్లు పడ్డాయి. పంట ధరలు పడిపోయి రైతుకు అప్పటికే గడ్డుకాలం నడుస్తోంది.

అపోహ: జనం ప్రభంజనంలా ఓటేసి కుర్చీ ఎక్కించారు.

ఇక్కడ నేను చాక్‌పీసు తీసుకుని బోర్డు మీద లెక్క వేస్తాను. మొత్తం సీట్లు 53, మెజారిటీకి కావాల్సినవి 27. సోషల్ డెమోక్రాట్లు 18, కమ్యూనిస్టులు 6, వెరసి 24. అటువైపు రైతుల పార్టీ లాండ్‌బుండ్ 9, చిరు వ్యాపారుల పార్టీ 6, జర్మన్ పీపుల్స్ పార్టీ 5, కరడుగట్టిన జాతీయవాదులు 2, వెరసి 22. ఉదారవాద డెమోక్రాట్ ఒకే ఒక్కడు. ఇక మిగిలింది నాజీలు, 6.

ఇది చూడగానే మన పిల్లలకు వెలుగుతుంది. హంగ్ సభ, పొత్తులు, మద్దతు ఉపసంహరణ వాళ్లకు నేను నేర్పాలా! సోషల్ డెమోక్రాట్లతో కూర్చోవడం కన్నా ఆ ఆరుగురితో కూర్చోవడమే నయమనుకున్నారు కుడివైపు పార్టీలవాళ్లు. 22కి 6 కలిపితే 28. ప్రభుత్వం ఏర్పడింది.

హిట్లర్ బేరం ఎలా ఆడాడో చూడాలి. ముఖ్యమంత్రి పదవి అడగలేదు. హోం, విద్య, ఈ రెండే అడిగాడు. ఎందుకో ఆయనే 1930 ఫిబ్రవరి 2న రాసిన ఒక లేఖలో వివరించాడు: హోం చేతిలో ఉంటే పరిపాలన, ఉద్యోగుల నియామకాలు, పోలీసులు మనవి, విద్య చేతిలో ఉంటే బడులన్నీ మనవి. హిట్లర్ ఆ శాఖలకు ముందుకు తెచ్చిన నాజీ నేత విల్హెల్మ్ ఫ్రిక్ పేరుకు పీపుల్స్ పార్టీ అడ్డుచెప్పింది. ఆయన 1923లో అధికారం లాక్కోవడానికి హిట్లర్ చేసిన మ్యూనిక్ తిరుగుబాటు కేసులో శిక్షపడ్డ మనిషి మరి. అయితే మళ్లీ ఎన్నికలకు వెళ్దామన్నాడు హిట్లర్. వాళ్లు తగ్గారు. 1930 జనవరి 23న ఫ్రిక్ రెండు శాఖలకూ మంత్రయ్యాడు.

అపోహ: బాధ్యత నెత్తిన పడితే ఎంతటి అతివాదులైనా మెత్తబడతారు.

పొత్తు పార్టీల లెక్క కూడా ఇదే. ఫ్రిక్ ఏం చేశాడో చెప్తాను.

ఏప్రిల్‌లో జాజ్ సంగీతం లాంటివాటి మీద ఒక ఉత్తర్వు ఇచ్చాడు. ‘నీగ్రో సంస్కృతి’కి వ్యతిరేకంగా, జర్మన్ జాతీయతను కాపాడటానికి అని దాని శీర్షికే చెప్తుంది. అదే నెలలో బడిపిల్లలకు కొత్త ప్రార్థనలు పంపాడు. మోసం నుంచి, ద్రోహం నుంచి మా దేశాన్ని విడిపించు దేవా అని పసిపిల్లలు పొద్దున్నే చేతులు జోడించి చదవాలి. ద్రోహి ఎవరో ప్రార్థనలో ఉండదు, కానీ యూదులని, వామపక్షాలని వినేవాళ్లకు తెలుసు. వాటిలో కొన్ని రాజ్యాంగ విరుద్ధమని జులైలో కోర్టు తేల్చింది. యేనా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్లు వద్దంటున్నా హాన్స్ గుంథర్ అనే జాతి సిద్ధాంతకర్తకు పీఠం వేశాడు. అతని మొదటి ఉపన్యాసానికి హిట్లర్ స్వయంగా వచ్చి కూర్చున్నాడు. వైమార్ కోట మ్యూజియంలో దాదాపు 70 ఆధునిక చిత్రాలు గోడల మీద నుంచి దిగిపోయాయి. పోలీసు శాఖలో తనవాళ్లను నింపుతున్నాడని బెర్లిన్‌లోని కేంద్ర ప్రభుత్వం నిధులు ఆపేస్తే దానిమీదా పోట్లాటే.

మధ్యలో ఒక కామెడీ కూడా ఉంది. హిట్లర్‌కి అప్పటికి జర్మన్ పౌరసత్వం లేదు. ప్రభుత్వోద్యోగం ఇస్తే పౌరసత్వం దానంతటదే వస్తుంది కాబట్టి, హిల్డ్‌బుర్గ్‌హౌజెన్ అనే చిన్న ఊళ్లో పోలీసు అధికారిగా నియమిస్తూ ఫ్రిక్ గుట్టుగా కాగితం తయారుచేయించాడు. హిట్లర్ దాన్ని వాడుకోలేదు. 1932లో సంగతి బయటపడ్డాక పత్రికలు ఆడుకున్నాయి. చివరికి ఆ ఏడాది ఫిబ్రవరిలో బ్రౌన్‌ష్వైగ్ రాష్ట్రం ఇలాంటి ఉద్యోగమే ఇచ్చి ఆయన్ను పౌరుణ్ని చేసింది. అక్కడి ప్రభుత్వంలోనూ నాజీ మంత్రి ఉన్నాడు.

అపోహ: ఒకసారి దింపేస్తే పీడ విరగడవుతుంది.

దింపారు. మిత్రులనే నాజీలు నోటికొచ్చినట్టు తిడుతుంటే పీపుల్స్ పార్టీకి ఒళ్లు మండింది. 1931 ఏప్రిల్ 1న వామపక్షాలతో కలిసి అవిశ్వాస తీర్మానానికి ఓటేసి ఫ్రిక్‌ను ఇంటికి పంపింది. పదహారు నెలలు తిరిగేసరికి, 1932 జులై 31న మళ్లీ ఎన్నికలు. నాజీలకు 42.5 శాతం ఓట్లు, 61లో 26 సీట్లు. అయిదు సీట్లున్న పీపుల్స్ పార్టీకి మిగిలింది ఒకటి. తొమ్మిదున్న లాండ్‌బుండ్‌కు ఆరు, ఆ ఆరుగురి మద్దతూ మళ్లీ నాజీలకే. ఆగస్టు 26న నాజీ నేత ఫ్రిట్జ్ సౌకెల్ ప్రభుత్వాధినేత అయ్యాడు. మొదటిసారి ముఖ్యమంత్రి పదవి అడగనివాళ్లు ఈసారి అదీ తీసుకున్నారు.

అపోహ: దేశంలో సగానికి పైగా జనం హిట్లర్‌కే ఓటేశారు.

ఎన్నడూ లేదు. స్వేచ్ఛగా జరిగిన ఎన్నికల్లో గరిష్ఠం 1932 జులైలో వచ్చిన 37.3 శాతం, 230 సీట్లు. నవంబరు కల్లా అది 33.1కి, 196కి దిగింది. అప్పటికే ఛాన్సలరై, పోలీసులను చేతిలో పెట్టుకుని జరిపిన 1933 మార్చి ఎన్నికల్లో కూడా 43.9 దాటలేదు.

మరి ఓట్లు తగ్గిన మూడు నెలల్లోపే కుర్చీ ఎలా దక్కింది? బోర్డు మీద తురింగియా లెక్క ఇంకా చెరపలేదు కాబట్టి ఈ ప్రశ్నకు జవాబు పిల్లలే చెప్పేస్తారు. 1933 జనవరి 30న బెర్లిన్‌లో ప్రమాణం చేసిన మంత్రివర్గంలో హిట్లర్‌తో కలిపి నాజీలు ముగ్గురే. ఇంతమంది మధ్య ఏం చేయగలడులే అని మాజీ ఛాన్సలర్ పాపెన్ లాంటి పెద్దమనుషుల ధీమా. ఆ ముగ్గురిలో ఒకరు గోరింగ్. రెండో వ్యక్తి ఫ్రిక్. ఇచ్చిన శాఖ, హోం.