పెట్టెలో సీలు వేసిన పెత్తనం: జేమ్స్‌టౌన్ ఆకలి చావుల వెనక కథ

1606 డిసెంబరులో లండన్ నుంచి మూడు ఓడలు అమెరికాలోని వర్జీనియాకు బయలుదేరాయి. అక్కడ పెట్టబోయే ఊరికి పెద్దలెవరో ఓడల్లో ఎవరికీ తెలియదు. ఈ వలసను నడిపించే వర్జీనియా కంపెనీ ఆ పేర్లను పెట్టెలో పెట్టి సీలు వేసింది, ఒడ్డు చేరాకే తెరవాలని. తెరిస్తే ఏడుగురిలో జాన్ స్మిత్ పేరుంది. కుట్ర పన్నాడంటూ దారిలోనే బంధించి తెచ్చిన మనిషి!

1607 మేలో జేమ్స్ నది ఒడ్డున 104 మంది దిగారు. స్పెయిన్ ఓడలకు దొరక్కుండా ఉండొచ్చని ఎంచుకున్న ఆ చోటే జేమ్స్‌టౌన్. చుట్టూ చిత్తడి, వేసవిలో నీళ్లు ఉప్పు. పైగా కరువు. చెట్ల వలయాలు లెక్కగట్టి చూస్తే, అక్కడ 770 ఏళ్లలో అంత పొడిగా గడిచిన ఏడేళ్లు మరి లేవట. అక్కడి ఆదివాసులైన పౌహటాన్ జనానికే మొక్కజొన్న చాలడం లేదు, అడిగేవాళ్లకు ఎక్కడి నుంచి తెచ్చి పెడతారు?

తిండి దాచుకున్నాడని తొలి అధ్యక్షుడు వింగ్‌ఫీల్డ్‌ను సెప్టెంబరుకల్లా దించేశారు. తర్వాత వచ్చిన రాట్‌క్లిఫ్, నీరసించినవాళ్ల చేత తనకో ఇల్లు కట్టించబోయి పరువు పోగొట్టుకున్నాడు. 1608లో పగ్గాలు పట్టిన స్మిత్ పని చెయ్యనివాడికి తిండి లేదన్నాడు. మొరటోడే, బెదిరించి గింజలు తెచ్చినవాడే. కానీ ఆ చలికాలం జనం బతికారు.

1609లో కంపెనీ పద్ధతి మార్చి, ఒకే గవర్నర్ ఉండాలంది. అప్పట్లో ఈ కంపెనీని నడిపిన సర్ థామస్ స్మైత్, 1611లో మచిలీపట్నం చేరిన ఈస్టిండియా కంపెనీకీ పెద్దే. తొమ్మిది ఓడలు పంపారు బాగానే ఉంది. గవర్నర్ గేట్స్, అడ్మిరల్ సోమర్స్, కెప్టెన్ న్యూపోర్ట్ ముగ్గురూ సీ వెంచర్ అనే ఒక్క ఓడే ఎక్కారు. తుపానుకు అది బెర్ముడాలో తేలింది. మిగతా ఓడలు వందల మంది ఆకలిగొన్న జనాన్ని దించాయి. అధికారం మాత్రం రాలేదు.

ఇక ఎవరికి వారే యమునా తీరే. తుపాకిమందు పేలి కాలిన స్మిత్ అక్టోబరులో ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. గింజల కోసం వెళ్లిన రాట్‌క్లిఫ్‌ను పౌహటాన్ మనుషులు చంపేశారు. ఫ్రాన్సిస్ వెస్ట్ అయితే గింజలు నింపుకున్న ఓడతో సహా ఇంటిదారి పట్టాడు. పెత్తనం జార్జ్ పెర్సీ చేతికొచ్చింది.

ఆ చలికాలం జేమ్స్‌టౌన్ కోట దాటితే పౌహటాన్ బాణాలు. లోపల గుర్రాలు, కుక్కలు, ఎలుకలు, చివరికి బూట్ల తోలు కూడా తిన్నారు. 2012లో అక్కడి తవ్వకాల్లో పద్నాలుగేళ్ల అమ్మాయి పుర్రె దొరికింది, దాని మీద మాంసం కోసం కోసిన కత్తి గాట్లున్నాయి. 1610 మే నాటికి కోటలో మిగిలింది దాదాపు 60 మంది.

అదే నెలలో పెర్సీ నది ముఖాన ఉన్న పాయింట్ కంఫర్ట్ కోటకు వెళ్లాడు. అదీ ఇంగ్లిషువాళ్లదే. అక్కడ జనం కులాసాగా ఉన్నారు. పీతలు ఎంత దండిగా ఉన్నాయంటే పందులకు మేతగా వేస్తున్నారు. ఆ పీతలే తన మనుషుల్లో ఎందరినో బతికించేవని పెర్సీ మండిపడుతూ రాసుకున్నాడు. మరి చలికాలమంతా అటు వెళ్లలేదేమంటే, తనకు ఒంట్లో బాగోలేదన్నాడు.