పిత్తనాళ క్యాన్సర్: కొన్ని అపోహలు, వాస్తవాలు

అపోహ: కామెర్లు ఏవైనా పసరు తాగి పథ్యం చేస్తే తగ్గిపోతాయి.

వాస్తవం: హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌లతో వచ్చే కామెర్లు చాలామందిలో వాటంతట అవే తగ్గుతాయి, ఆ పేరు పసరుకు దక్కుతోంది. కాలేయంలో తయారైన పిత్తరసాన్ని పేగులోకి చేర్చే గొట్టమే పిత్తనాళం; అందులో గడ్డ అడ్డుపడి వచ్చిన కామెర్లు అలా తగ్గవు. నొప్పి, జ్వరం లేకుండానే కళ్లు పచ్చబడి, మలం సుద్దలా పాలిపోయి, రాత్రిళ్లు నిద్ర పట్టనంత దురద పెడుతుంటే వెంటనే అల్ట్రాసౌండ్ చేయించాలి. నొప్పి లేదన్న ధీమాతోనే చాలామంది ఆలస్యం చేస్తారు.

అపోహ: ముందు స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే సన్నని గొట్టం) వేసి కామెర్లు దించాలి, స్కాన్లు తర్వాత చూసుకోవచ్చు.

వాస్తవం: నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఈ తొందరే. కాలేయం నుంచి కుడి, ఎడమ నాళాలు వచ్చి కలిసేచోట పుట్టే గడ్డను, 1965లో దాన్ని వివరించిన అమెరికన్ వైద్యుడు జెరాల్డ్ క్లాట్‌స్కిన్ పేరుతో పిలుస్తారు. అది ఏ నాళంలో ఎంత లోపలికి పాకిందన్న దాన్నిబట్టే, కాలేయంలో ఏ భాగాన్ని తీయాలో, అసలు తీయగలమో లేదో సర్జన్ నిర్ణయిస్తారు. స్టెంట్ పడగానే ఉబ్బిన నాళాలు ముడుచుకుపోతాయి, వాపుతో గోడలు మందమవుతాయి; ఆ తర్వాత తీసిన స్కాన్‌లో గడ్డ ఎక్కడ ముగిసిందో, వాపు ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. అందుకే ఎంఆర్‌సీపీ (పిత్తనాళాలను చూపే ఎంఆర్ఐ స్కాన్), రక్తనాళంలోకి మందు ఎక్కించి తీసే కాంట్రాస్ట్ సీటీ ముందే పూర్తికావాలి. చలిజ్వరంతో నాళాల్లో ఇన్ఫెక్షన్ వచ్చినవారి సంగతి వేరు. వారికి పిత్తాన్ని బయటికి తీయడంలో ఆలస్యం పనికిరాదు.

అపోహ: రక్తపరీక్షలో సీఏ 19-9 అనే సూచిక పెరిగితే క్యాన్సరే, పెరగకపోతే కాదు.

వాస్తవం: రాళ్లు అడ్డుపడినా, ఇన్ఫెక్షన్ ఉన్నా అది పెరుగుతుంది. లూయిస్ యాంటిజెన్ అనే రక్తకణాల గుర్తు పుట్టుకతోనే లేనివారిలో క్యాన్సర్ ఉన్నా పెరగకపోవచ్చు.

అపోహ: బయాప్సీలో రాలేదంటే క్యాన్సర్ లేనట్టే.

వాస్తవం: ఈ గడ్డలో పీచు ఎక్కువ, కణాలు తక్కువ కాబట్టి ఈఆర్‌సీపీలో (నోటి ద్వారా గొట్టం పంపి పిత్తనాళాన్ని చేరే పద్ధతిలో) బ్రష్‌తో తీసిన నమూనా తరచూ ఏమీ తేల్చదు. స్కాన్‌లో బలమైన అనుమానం ఉండి, గడ్డ తీయడానికి వీలుగా ఉంటే బయాప్సీ రుజువు లేకుండానే ఆపరేషన్‌కు వెళ్లడం సరైన పద్ధతే. అయితే రోగనిరోధక వ్యవస్థ గతి తప్పడం వల్ల వచ్చే ఐజీజీ4 వ్యాధి కూడా అచ్చం ఇలాగే కనిపించి, స్టెరాయిడ్లతో తగ్గిపోతుంది కాబట్టి ముందుగా దాన్ని తోసిపుచ్చాలి.

అపోహ: ఆపరేషన్ కుదరకపోతే ఇక చేసేదేమీ లేదు.

వాస్తవం: జెమ్‌సైటబిన్, సిస్‌ప్లాటిన్ అనే కీమోథెరపీ మందుల జంట 2010 నుంచి ప్రామాణిక చికిత్సగా ఉంది, 2022లో దానికి డుర్వాలుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ (రోగనిరోధక శక్తిని క్యాన్సర్‌పైకి ఉసిగొల్పే మందు) తోడైంది. కాలేయం లోపలి నాళాల్లో పుట్టిన క్యాన్సర్లు కొన్నింటిలో ఎఫ్‌జీఎఫ్‌ఆర్2, ఐడీహెచ్1 జన్యుమార్పులు కనిపిస్తాయి. వాటిపై పనిచేసే పెమిగాటినిబ్, ఐవోసిడెనిబ్ మాత్రలు ఉన్నాయి, కానీ ఖరీదు మాత్రం సామాన్యులు భరించగలిగేది కాదు. జన్యుపరీక్షకు గడ్డ నుంచి తీసిన ముక్క కావాలి కాబట్టి, మరో ఆసుపత్రికి వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోకుండా బయాప్సీ బ్లాకును (ఆ ముక్కను మైనంలో భద్రపరిచిన దిమ్మెను) కూడా అడిగి తీసుకెళ్లాలి.