ఎస్టేటు ఊళ్ళలో భూమి లెక్క ఎందుకు తేలడం లేదు?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో రీసర్వే, అంటే ప్రభుత్వం డ్రోన్లతో భూములు మళ్ళీ కొలిచే పని, అయిన ఏ ఊరి సచివాలయానికైనా వెళ్ళి కాసేపు నిలబడండి. ఒకాయన పది సెంట్లు తగ్గిపోయాయంటాడు, ఇంకొకాయన తన మడి పక్కవాళ్ళతో కలిపి జాయింట్ ఎల్‌పీఎంలో (రీసర్వేలో ఇచ్చే భూకమతం నంబరు) పడిందంటాడు, వెనకాల నుంచున్న ముసలమ్మకి తాతల నాటి గరువు 22ఏలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, ఎందుకుందో ఎవరూ చెప్పరు. తిట్లన్నీ డ్రోన్‌కీ సర్వేయర్‌కీ పడతాయి. కొంతవరకు న్యాయమే. కానీ ఈ చిక్కు మన దగ్గర కంప్యూటర్ రాకముందు నుంచీ ఉంది, ఎందుకంటే మనవి చాలామటుకు ఎస్టేటు ఊళ్ళు, ఒకప్పుడు జమీందార్ల కింద ఉన్నవి.

1802లో ఈస్టిండియా కంపెనీ ఇక్కడ శాశ్వత శిస్తు పెట్టింది. జమీందారు ఏటా ఇంత పేష్కష్ కట్టాలి, అది ఇక పెరగదు, తరగదు. విజయనగరం సంస్థానం వంతు ఏడాదికి సుమారు 5 లక్షల రూపాయలు. బొబ్బిలి, సాలూరు, కురుపాం, మందస, అన్నిటిదీ ఇదే ఏర్పాటు. చికాకోలు (ఇప్పటి శ్రీకాకుళం) హవేలీ భూములను, అంటే నేరుగా సర్కారు కింద ఉన్నవాటినైతే ముక్కలు చేసి వేలం వేశారు. కంపెనీ డబ్బు కంపెనీకి వస్తోంది కాబట్టి, లోపల ఏ రైతు ఏ చెక్క ఎంత దున్నుతున్నాడో కొలవాల్సిన పని దానికి లేకపోయింది. మధ్యలో జమీందారు లేని రైత్వారీ ఊళ్ళలో సర్కారే గొలుసు పట్టి కొలిచి, రాళ్ళు పాతి, రైతు పేరు రిజిస్టర్లో ఎక్కించింది. మన ఊళ్ళలో ఆ లెక్క ఎస్టేటు కరణం చేతిలో ఉండిపోయింది. అవి పైమాషి నంబర్లు, సర్కారు సర్వేకి ముందు ఎస్టేటు వేసుకున్నవి. హద్దులంటే తూర్పున గెడ్డ, పడమట తాటిచెట్టు, ఉత్తరాన ఫలానా వారి మడి.

1908లో మద్రాసు ఎస్టేట్ ల్యాండ్ చట్టం వచ్చి, జిరాయితీ భూమి, అంటే జమీందారుకి శిస్తు కడుతూ రైతులు సాగుచేసే భూమి, దున్నుకుంటున్న రైతుకి దాని మీద ఆక్యుపెన్సీ హక్కు ఉందని ఒప్పుకుంది. జమీందారు సొంత కమతం మాత్రం వేరు. దాంతో ఏది కమతం, ఏది జిరాయితీ అన్న తగవు కోర్టులకెక్కింది, కాగితం రాసేవాడు జమీందారు మనిషే అయినప్పుడు ఆ తగవు ఎటు మొగ్గుతుందో చెప్పక్కర్లేదు. చెరువులు, కళ్ళాలు, పశువుల మందబయళ్ళు, అడవి సంగతి ఇంకా ఘోరం. మందస ఎస్టేటులో అడవి నుంచి కలప తెచ్చుకునే హక్కు గురించే 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో కాల్పులు జరిగాయి, రైతుల తరఫున నిలబడ్డ వీరగున్నమ్మ చనిపోయింది ఆ రోజే. దానికి రెండేళ్ళ ముందే ప్రకాశం పంతులు కమిటీ ఎస్టేటు రైతుల బాధల మీద పెద్ద రిపోర్టు ఇచ్చింది, కానీ అది అమలుకు నోచుకోలేదు.

అసలు ముడి పడింది మాత్రం 1948 చట్టంతో. ఎస్టేట్ల రద్దు, రైత్వారీగా మార్పు, వినడానికి బాగుంది, బాగానే చేసింది కూడా. నోటిఫై అయిన రోజు నుంచి ఎస్టేటు మొత్తం ప్రభుత్వానిది, చెరువు, గెడ్డ, అడవి, బంజరు అన్నీ కలిపి. జిరాయితీ రైతుకి సెక్షన్ 11 కింద పట్టా వస్తుంది. అయితే ఇందులో ఒక తేదీ ఉంది, మన జిల్లాల్లో చాలామందికి తెలియనిది: 1945 జులై 1. ఆ రోజున గానీ ఆ తర్వాత గానీ జమీందారు ఎవరినైనా భూమిలోకి దింపి ఉంటే, ప్రభుత్వం ప్రత్యేకంగా ఒప్పుకుంటే తప్ప వాళ్ళకి పట్టా రాదు. రద్దు వస్తోందని ముందే తెలిసిన జమీందార్లు బంజర్లు, చెరువు గర్భాలు అయినవాళ్ళకి రాసిచ్చేస్తారని పెట్టిన నిబంధన ఇది. ఉద్దేశం మంచిదే. కానీ నిజంగా డబ్బు కట్టి, రసీదు కూడా సరిగా లేకుండా బంజరు తీసుకుని చోడి, గోగు వేసుకున్న చిన్న రైతు కూడా ఇందులోనే చిక్కుకున్నాడు. సెటిల్‌మెంట్ ఆఫీసరు ముందు ఏ రోజు నుంచి దున్నుతున్నావో రుజువు చూపించమంటే అతని దగ్గర ఏముంటుంది?

ఆ సెటిల్‌మెంట్‌లోంచి పుట్టిందే ఎస్‌ఎఫ్‌ఏ, సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్. ఇప్పటికీ తహసీల్దార్ ఆఫీసులో ఏ ఫైలు తెరిచినా చివరికి వచ్చే ప్రశ్న, ఎస్‌ఎఫ్‌ఏలో ఏముంది అనే. అంచులు పొడైపోయిన పెద్ద పుస్తకం. ఒక గడిలో పాత పైమాషి నంబరు, పక్కన కొత్త సర్వే నంబరు, విస్తీర్ణం, రకం, పట్టాదారు పేరు. ఆ రకం గడిలో ఆనాడు ఎవరో 'గెడ్డ పోరంబోకు' అనో 'చెరువు' అనో 'గయాలు' (రైతు వదిలేసిన భూమి) అనో రాసిన ఒక్క మాట, ఇవాళ మనవడి బ్యాంకు లోనుని ఆపుతోంది. చెరువు నీరు ఎప్పుడో అటు జరిగిపోయి, ఈ వైపు రెండెకరాలు మూడు తరాలుగా వరి పండుతున్నా పుస్తకంలో అది చెరువే. పూర్తిగా తప్పూ అనలేం, నిజంగా చెరువులు ఆక్రమించినవాళ్ళూ ఉన్నారు. ఇద్దరినీ విడదీయడానికి ఎవరూ ఓపికగా కూర్చోలేదు, అదీ బాధ.

తర్వాత వచ్చినవన్నీ దీని మీద పేర్చినవే. 1956 ఇనాం రద్దు, ఆపైన పేదలకి ప్రభుత్వ భూమి ఇస్తూ రాసిన డి పట్టాలు, 1977లో అలా ఇచ్చిన అసైన్డ్ భూములు అమ్మకూడదన్న చట్టం. 1984 జనవరిలో కరణాల వ్యవస్థ ఎత్తేశారు, మంచి పనే, కానీ ఊరి లెక్క అంతా కరణం ఇంట్లో, కరణం బుర్రలో ఉన్న చోట్ల ఆ రికార్డు మొత్తం ఆఫీసుకి చేరిందా అంటే ఊళ్ళో పెద్దలు నవ్వుతారు. మధ్యలో జిల్లాలు విడిపోవడం ఒకటి. 1950లో విశాఖ నుంచి శ్రీకాకుళం, 1979లో విజయనగరం, 2022లో పార్వతీపురం మన్యం, విడిపోయిన ప్రతిసారీ బీరువాలు లారీ ఎక్కాయి.

2007లో రిజిస్ట్రేషన్ చట్టంలో ఇప్పటి 22ఏ చేరాక ఈ పాత గడులకి కోరలొచ్చాయి. అంతవరకు ఎస్‌ఎఫ్‌ఏలో ఏమున్నా క్రయవిక్రయాలు జరిగిపోయేవి. ఆ తర్వాత ప్రభుత్వ భూమి అని ఉన్న నంబర్లన్నీ జాబితాలో చేరి సబ్‌రిజిస్ట్రార్ దగ్గర ఆగిపోయాయి. ఒక సర్వే నంబరులో అర ఎకరం పోరంబోకు ఉంటే నంబరు మొత్తం జాబితాకెక్కిన ఊళ్ళూ ఉన్నాయి. 2023లో అసైన్డ్ భూములకి 20 ఏళ్ళు దాటితే పూర్తి హక్కు అన్నారు, 2024లో ప్రభుత్వం మారాక ఆ ఫ్రీహోల్డ్ రిజిస్ట్రేషన్లు ఆపి మళ్ళీ పరిశీలన అన్నారు. ఏ భూమి ఎవరిదో ప్రభుత్వ రిజిస్టరే తేల్చేలా తెచ్చిన ల్యాండ్ టైట్లింగ్ చట్టం వచ్చిందీ, పోయిందీ ఆ రెండేళ్ళలోనే. రైతుకి మిగిలింది టెన్షన్.

2020 డిసెంబరులో మొదలైన రీసర్వే అంగుళంతో సహా కొలవగలదు, కాదనను. కానీ కొలిచేది ఇవాళ్టి గట్టుని. అన్నదమ్ములు నోటిమాటగా పంచుకుని, ఒకరు విశాఖలో, ఒకరు హైదరాబాదులో, ఒకరు చెన్నైలో ఉంటే, గట్టు చూపించడానికి వచ్చినవాడు కౌలుదారే. పాత పట్టా తాత పేరునే ఉంది. అలాంటి చోట సర్వే బృందం అందరినీ కలిపి ఒకే ఎల్‌పీఎం నంబరులో వేసేసింది. దాన్ని విడదీయాలంటే మళ్ళీ అందరి సంతకాలూ కావాలి.

నా మట్టుకు, రెవెన్యూ సదస్సులు పెట్టి అర్జీలు తీసుకునే ముందు ప్రతి ఎస్టేటు ఊరి ఎస్‌ఎఫ్‌ఏని స్కాన్ చేసి సచివాలయం గోడ మీద అంటించాలి. ఈలోగా మీ ఊరు ఒకప్పటి ఎస్టేటుదే అయితే, ఇప్పటి రికార్డులైన 1బి, అడంగల్ ప్రింటు పట్టుకుని తిరిగే బదులు, మీ సర్వే నంబరుకి ఎస్‌ఎఫ్‌ఏ ధ్రువీకృత నకలు అడగండి. దానితోపాటు మీ నంబరు 22ఏలో ఏ క్లాజు కింద ఉందో, ఏ రికార్డు చూసి పెట్టారో కూడా రాతపూర్వకంగా అడగండి. ఆ కారణం చేతికొస్తేనే, తొలగించమని కలెక్టర్‌కి పెట్టే అర్జీలో ఏం రాయాలో తెలుస్తుంది.