కజిమియెష్ పెళ్లివిందు: సాక్ష్యమా, సినిమానా?

'యిడ్ల్ మిట్న్ ఫిడ్ల్' సినిమా బాగుచేసిన కాపీ మళ్లీ తెర మీదికి వచ్చినప్పుడల్లా పాత గొడవ కూడా వెంట వస్తుంది. 1936 నాటి ఈ యిడ్డిష్ (తూర్పు యూరప్ యూదుల భాష) మ్యూజికల్‌ను ఎలా చూడాలి? హాయిగా నవ్వుకుంటూ, పాటలకు తాళం వేస్తూనా? లేక చచ్చిపోయినవాళ్ల ఫొటో ముందు నిలబడినట్టా?

రెండో ప్రపంచ యుద్ధం గురించి, నాజీల శిబిరాల గురించి, అరవై లక్షల యూదుల చావుల గురించి చదవనివాళ్లు లేరు. ఇక్కడ ఆ కథ మళ్లీ చెప్పను. ఈ గొడవ వేళ్లు అంతకు ముందే, ఒక నిర్మాత వేసుకున్న ఖర్చు లెక్కలో ఉన్నాయి.

ఆ నిర్మాత జోసెఫ్ గ్రీన్. పోలండ్‌లోని వూచ్‌లో పుట్టి, నాటకాల వాళ్లతో అమెరికా చేరి, హాలీవుడ్‌లో చిల్లర వేషాలు వేశాడు. తర్వాత బైబిల్లోని యోసేపు కథతో తీసిన ఒక మూకీ సినిమాకు యిడ్డిష్ మాటలు అతికించి పోలండ్ పట్టుకెళ్లాడు. అది ఆడింది. డబ్బింగ్ సినిమా మీద నాలుగు డబ్బులు చూసినవాడు స్ట్రెయిట్ సినిమాకు దిగడం మనవాళ్లకు తెలియని దారేం కాదు. ఆ ప్రయాణంలో గ్రీన్‌కు రెండు సంగతులు అర్థమయ్యాయి. ఒకటి, ముప్పై లక్షలకు పైగా యూదులున్న పోలండ్‌లో తన ప్రేక్షకులు ఉన్నారు. రెండు, అక్కడ డాలరుకు చాలా పని జరుగుతుంది.

దాంతో పథకం కుదిరింది. హీరోయిన్ న్యూయార్క్ నుంచి, ఊరూ జనమూ సాంకేతిక నిపుణులూ పోలండ్ నుంచి. మొత్తం ఖర్చు 50,000 డాలర్లని, అందులో 10,000 హీరోయిన్ మోలీ పికాన్ ఒక్కదానికే పోయాయని చెబుతారు. ఆవిడకు అప్పటికి 38 ఏళ్లు. తెర మీద మాత్రం ఇల్లు పోగొట్టుకున్న తండ్రితో కలిసి, మగపిల్లాడి వేషంలో ఊళ్లు తిరుగుతూ ఫిడేలు వాయించే అమ్మాయి. నమ్మేస్తాం కూడా! దర్శకత్వంలో గ్రీన్‌కు తోడు యాన్ నోవినా-ప్షిబిల్స్కీ. బాణీలు న్యూయార్క్‌లో పుట్టిన ఏబ్రహాం ఎల్‌స్టైన్‌వి, పాటలు అప్పట్లో వార్సాలో ఉంటున్న కవి ఇట్జిక్ మాంగర్‌వి.

అవుట్‌డోర్‌కు ఎంచుకున్న ఊరు విస్తులా నది ఒడ్డున ఉన్న కజిమియెష్ దోల్నీ. ఊళ్లో దాదాపు సగం మంది యూదులే. అక్కడి పెళ్లి సన్నివేశం కోసం గ్రీన్ ఊరి జనాన్నే పెళ్లివారిగా పిలిచాడు. విందు మాత్రం నిజమైనదే, మతనియమం ప్రకారం వండించిందే. షూటింగ్ ఒక రోజు దాటి సాగింది. షాట్ మారినప్పుడల్లా పళ్లేలు ఖాళీ, మళ్లీ వడ్డన. వచ్చినవాళ్లలో కొందరు అది నిజం పెళ్లే అనుకున్నారని గ్రీన్ తర్వాత చెప్పుకునేవాడు. కాస్త మసాలా దట్టించి ఉండొచ్చు, సినిమావాడు కదా.

నా లెక్కలో అంతా ఇక్కడే తిరిగింది. స్టూడియోలో సెట్టు వేసి, జూనియర్ ఆర్టిస్టులతో కానిచ్చేసి ఉంటే ఈ రోజు ఏ గొడవా ఉండేది కాదు. డబ్బు కలిసొస్తుందని నిజం ఊళ్లో, నిజం మనుషులతో తీశాడు. 1942లో ఆ ఊరి యూదులను నాజీలు శిబిరాలకు తరలించేశారు. ఊరు ఉంది, వాళ్లు లేరు. పళ్లెం ముందు కూర్చుని నములుతున్న ఆ ముఖాలు మాత్రం ఫిలిం మీద మిగిలాయి.

అందుకే ఇది సినిమా కాదు, సాక్ష్యం అంటుంది ఒక పక్షం. స్మారక సభల్లోనే వేయాలని, ముందు నాలుగు మాటలు చెప్పాకే దీపాలు ఆర్పాలని వాళ్ల పట్టు. ఆ బాధను కాదనలేం.

ఇది సినిమాయే, నవ్వుకుంటూ చూడాల్సిందే అనే రెండో పక్షం మాటే నాకు దగ్గరగా ఉంది. ఆ పెళ్లి కథలో ఏమిటో గుర్తు చేసుకోండి. డబ్బున్న ముసలాడికి ఇష్టం లేని పిల్లను కట్టబెట్టే పెళ్లి అది. పెళ్లికూతురు వాయిద్యాల వాళ్లతో కలిసి పారిపోతుంది. ఆమె పారిపోవాలనే ప్రేక్షకుడు కోరుకుంటాడు. ఆ ముక్కను విడిగా కత్తిరించి 'అప్పటి మన సంప్రదాయం ఇంత ముచ్చటగా ఉండేది' అని చూపిస్తే, సినిమా వెక్కిరించిందాన్నే మనం పూజించినట్టు. పైగా పికాన్‌ది అచ్చమైన పల్లె యిడ్డిష్ కూడా కాదు. న్యూయార్క్‌లో పుట్టిన మనిషి. ఆమె భాషకు మెరుగు పెట్టడానికే భర్త జేకబ్ కాలిష్ 1920ల మొదట్లో యూరప్ అంతా తిప్పాడు. కథ ముగిసేదీ వార్సా నాటకరంగం మీదుగా అమెరికా ఓడలో. ఊరి నుంచి బయటపడటమే ఈ సినిమా కల.

ఈ రెండు చూపులకూ మధ్య 1956 ఉంది. ఆ ఏడాది దీనికి ఇంగ్లీషు మాటలు పెట్టి, 'గాలిమేడలు' అని అర్థం వచ్చే పేరుతో అమెరికాలో విడుదల చేశారు. మనుషులు పోయిన పద్నాలుగేళ్లకు గొంతులూ తీసేశారన్నమాట. సాక్ష్యం అనే పక్షానికి ఎక్కువ మండేది దీని మీదే. ఆ కోపం న్యాయమే.

గొంతులు తిరిగి వినిపించడానికి అమెరికాలోని బ్రాండైస్ యూనివర్సిటీలో ఉన్న నేషనల్ సెంటర్ ఫర్ జ్యూయిష్ ఫిల్మ్ పూనుకుంది. 1976లో, యిడ్డిష్ నిర్మాత జోసెఫ్ సైడెన్ దాచిన రీళ్లతో మొదలైన సంస్థ అది. ఈ సినిమాను బాగుచేసి, యిడ్డిష్ మాటల కింద కొత్త ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ వేసింది. దాంతో జోకులు మళ్లీ అర్థమయ్యాయి. హాల్లో నవ్వు పుట్టింది. నవ్వుతోపాటే గొడవా.

గ్రీన్ ఆ తర్వాత పోలండ్‌లో ఇంకో మూడు సినిమాలు తీశాడు. 1938లో నాలుగోది ముగించాక అక్కణ్ణుంచి బయటపడ్డాడు. 1996 దాకా బతికాడు గానీ మళ్లీ సినిమా తీయలేదు. టికెట్టు కొనేవాళ్లు అక్కడే ఉండిపోయారు.