పెంకు మీరు ఒలవకండి! బడిలో కోడిపిల్లలు: అపోహలు, వాస్తవాలు

బడిలో పిల్లలకు చూపించడానికి పొదిగే మిషన్‌లో (ఇంక్యుబేటర్‌లో) గుడ్లు పెట్టి ఇరవై ఒకటో రోజు వచ్చిందంటే నా ఫోన్ ఆగదు. "మేడం, పెంకుకు బొక్క పెట్టి ఆరు గంటలైంది. అరుస్తోంది గానీ బయటికి రావట్లేదు. మెల్లగా ఒలిచేద్దామా?" హనుమకొండ టీచరైనా, పర్వతగిరి సారైనా అడిగేది ఇదే.

ఒలవద్దు. బొక్క పెట్టాక పిల్ల బయటపడటానికి 12 నుంచి 24 గంటలు పట్టొచ్చు. అది అలిసిపోయి పడుకుందని మనకు టెన్షన్. కానీ అప్పుడే లోపల అసలు పని జరుగుతుంటుంది. పెంకు కింది పొరలోని నెత్తురు పిల్ల ఒంట్లోకి పోవాలి, మిగిలిన పచ్చసొన కడుపులోకి చేరాలి. ఈలోపే ఒలిస్తే నెత్తురు కారుతుంది.

నేనూ ఆ తప్పు చేసినదాన్నే. మొదటి ఏడాది ఒకటో తరగతి పిల్లలంతా చుట్టూ మూగి "సస్తది మేడం, తియ్యండి" అంటుంటే చేతులు ఆగలేదు. పెసరగింజంత ముక్క తీశానో లేదో, పొర మీద ఎర్రగా కమ్మింది. సాయంత్రానికి చచ్చిపోయింది. మర్నాడు ఒక పిల్లాడు వచ్చి, "మీరు తియ్యకపోతే బతుకుతుండె గదా మేడం?" అన్నాడు. ఏం చెప్పను?

పిల్ల నిజంగానే ఇరుక్కుంటే చాలాసార్లు కారణం మిషన్ మూత తీయడమే. చివరి మూడు రోజులు మిషన్‌లో తేమ 65-70 శాతం ఉండాలి. "ఒక్కసారి చూస్తాం" అని మూత తీసిన ప్రతిసారీ అది పడిపోతుంది, పొర ఎండి పిల్లకు అతుక్కుంటుంది. పద్దెనిమిదో రోజు నుంచి గుడ్లు తిప్పడం బంద్, మూత బంద్. ముందు పుట్టినదానికి ఆకలేస్తుందని తీసేవాళ్లూ ఉన్నారు. కడుపులోని సొన దానికి రెండు రోజులు సరిపోతుంది. ఒళ్లు ఆరేదాకా లోపలే ఉండనివ్వండి.

మిగతావి గబగబా చెప్పేస్తా. కిరాణా కొట్టు గుడ్లు పొదగవు, ఆ ఫారాల్లో పుంజులుండవు. పుంజు తిరిగే ఇంటి నుంచి వారంలోపు నాటుకోడి గుడ్లు తెచ్చుకోండి. కోలగుడ్డులో పుంజు, గుండ్రటిదాంట్లో పెట్ట అన్నది ఉత్త మాట. మా అమ్మమ్మ ఉరుములకు గుడ్లు పాడవుతాయని భయపడి పొదిగే గంపలో ఇనుప ముక్క పెట్టేది, దాని అవసరం లేదు. కరెంటు గంట పోయినా కొంప మునగదు. మూత తీయకుండా, గాలి రంధ్రాలు మూయకుండా దుప్పటి కప్పండి. కోడి కూడా మేతకు లేస్తుంది కదా.

జబ్బులొస్తాయని భయపడే తల్లుల మీద మాత్రం విసుక్కోకండి. ఆరోగ్యంగా కనిపించే కోడిపిల్లలోనూ సాల్మొనెల్లా అనే, విరేచనాలు తెచ్చే బ్యాక్టీరియా ఉండొచ్చు. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడిగించండి, ముద్దులు వద్దు. ఐదేళ్లలోపు అంగన్‌వాడీ పిల్లలు చూస్తే చాలు.

ఎండాకాలం అసలే వద్దు. మిషన్‌లో 37.5 డిగ్రీలు ఉండాలి, మన వరంగల్ ఏప్రిల్‌లో గదే అది దాటేస్తుంది. ఇంకొకటి, గుడ్లు బుధవారం పెట్టండి. నేనొకసారి ఊరి నుంచి తెచ్చిన ఆదివారమే పెట్టేశాను. 21 రోజులంటే సరిగ్గా మూడు వారాలు, మళ్లీ ఆదివారమే. సోమవారం తాళం తీసేసరికి పిల్లలకు చూపించడానికి ఉత్త పెంకులే మిగిలాయి.