చెక్ పొహాద్కాలు, టీవీ నాటకాలు: అపోహలు - వాస్తవాలు

ప్రాగ్‌లో ఉంటూ చెక్ సినిమాలకీ టీవీ నాటకాలకీ సబ్‌టైటిల్స్ రాయడం నా పని, ఎక్కువగా ఇంగ్లీషులోకి, డిసెంబర్‌లో ఇక్కడి మన తెలుగువాళ్ళం కలిసి చూసేవాటికి మాత్రం తెలుగులోకి. ప్రతి సీజన్‌లోనూ అవే డౌట్లు, అవే అపోహలు వస్తుంటాయి కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. పొహాద్కా అంటే చెక్ భాషలో రాజులూ దయ్యాలూ మాయలూ ఉండే జానపద కథ, అలాంటి కథతో తీసిన సినిమానీ అలాగే అంటారు. ముందే ఒక మాట, ఈ గందరగోళంలో సగం మూడు వేరే వేరే రకాల్ని ఒకే గాటన కట్టడం వల్ల వస్తుంది. సినిమా హాళ్ళ కోసం ఫిల్మ్ మీద తీసిన జానపద సినిమా ఒకటి, టీవీ వాళ్ళు స్టూడియోలో సెట్ వేసి తీసిన నాటకం ఇంకోటి, నాటకశాలలో జనం ముందు ఆడుతుండగా రికార్డ్ చేసింది మూడోది. ఒకదాన్ని చూసే కళ్ళతో ఇంకోదాన్ని చూస్తే తప్పకుండా నచ్చదు, ఆ తప్పు దానిది కాదు.

అపోహ: పొహాద్కా అంటే పిల్లల కథ, పెద్దవాళ్ళకి టైమ్ వేస్ట్.

అస్సలు కాదు. ఇక్కడ డిసెంబర్ 24 రాత్రి కార్ప్ చేప, ఆలూ సలాడ్ తిని, గిఫ్టులు విప్పుకుని ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చుంటారు, ఆ రాత్రికి చెక్ టెలివిజన్ ఒక కొత్త పొహాద్కా రిలీజ్ చేస్తుంది, అదీ ప్రైమ్ టైమ్‌లో. తాతకీ మనవడికీ ఇద్దరికీ ఆనాలి కాబట్టి రాసేవాళ్ళు పిల్లల స్థాయికి దించి రాయరు. 1984లో హినెక్ బొచాన్ తీసిన దయ్యాల కథ చూడండి, సవతి తల్లి, ఎస్టేట్ అధికారి కలిసి ఒక కుర్రాడి మిల్లు లాగేసుకుంటారు, వాడికి న్యాయం చేసేది నరకం నుంచి వచ్చిన దయ్యాలు! ఆస్తి గొడవ, లంచం, అబద్ధపు కేసు, అన్నీ మనకి తెలిసిన వ్యవహారాలే. ఇక యురాయ్ హెర్త్స్ 1978లో తీసిన సుందరి-మృగం కథ అయితే పూర్తిగా హారర్. అందులో మృగానికి పక్షి తల ఉంటుంది, ఆ వేషం కట్టింది నేషనల్ థియేటర్ బ్యాలే డాన్సర్ వ్లాస్తిమిల్ హరాపెస్, మొహం కనపడదు కాబట్టి నటన అంతా ఒంటి కదలికలోనే నడిపించాడు. చిన్నపిల్లలకి మాత్రం అది పెట్టకండి, రాత్రి నిద్రపోరు.

అపోహ: మూడు హేజెల్ గింజల సిండ్రెల్లా టీవీ సినిమా, పైగా జర్మన్ సినిమా.

అందరూ టీవీలోనే చూశారు కాబట్టి టీవీ సినిమా అనుకుంటారు. కానీ 1973లో సినిమా హాళ్ళ కోసమే తీశారు, ప్రాగ్ బర్రాందొవ్ స్టూడియో, తూర్పు జర్మనీ డెఫా కలిసి. డైరెక్టర్ వాత్స్లావ్ వొర్లీచెక్, కథకి ఆధారం 19వ శతాబ్దపు చెక్ రచయిత్రి బొజెనా న్యెమ్‌త్సోవా. కోట సీన్లు సాక్సనీలోని మోరిట్జ్‌బుర్గ్‌లో, సవతి తల్లి ఇంటి సీన్లు ఇక్కడ ష్విహొవ్ కోటలో. మంచు సరిపోక చేపల పిండి చల్లి తీశారు, ఆ కంపు గురించి నటులు తర్వాత కూడా చెప్తూనే ఉన్నారు.

నాకు ఈ సినిమా అంటే ప్రాణం, అందుకే ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తా. ఈ పొపెల్కా, అంటే వీళ్ళ సిండ్రెల్లా, ఎవరో వచ్చి కాపాడతారని కూర్చునే పిల్ల కాదు. గుర్రం ఎక్కుతుంది, క్రాస్‌బోతో బాణాలు వేస్తుంది. వేటగాడి బట్టల్లో వచ్చి చెట్టు చివరున్న పైన్ కాయని ఒక్క బాణంతో కొట్టేస్తుంది, రాజకుమారుడు ఆ కుర్ర వేటగాడి వేలికి ఉంగరం తొడుగుతాడు కానీ అమ్మాయి అని గుర్తుపట్టలేడు. ఇంకో సంగతి, రాజకుమారుడిగా కనిపించేది పావెల్ ట్రావ్నీచెక్, వినిపించే గొంతు మాత్రం పెటర్ స్వొయిట్కాది, ఎందుకంటే ట్రావ్నీచెక్ మాటలో మొరావియా యాస బాగా తెలిసేది. ప్రాంతం యాస ఉందని హీరోకి వేరే వాళ్ళతో చెప్పించడం మనవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు కదా. నార్వేలో అయితే 1975 నుంచి దాదాపు ప్రతి క్రిస్మస్‌కీ వేస్తారు, అక్కడ ఆడ మగ పాత్రలన్నిటికీ కలిపి కనూట్ రీసాన్ అనే ఒక్కాయన గొంతే, వెనకాల చెక్ మాటలు అలాగే వినిపిస్తుంటాయి, వాళ్ళకి అదే ఇష్టం, 2021లో నార్వేవాళ్ళే సొంతంగా మళ్ళీ తీసుకున్నారు కూడా.

అపోహ: కమ్యూనిస్టుల కాలంలో పొహాద్కాల జోలికి రాజకీయం రాలేదు. దీనికి పూర్తి రివర్స్‌లో ఇంకోటి, అవన్నీ ప్రచారం సినిమాలే అని.

రెండూ నిజం కాదు. పైన చెప్పిన పొపెల్కా స్క్రిప్ట్ రాసింది ఫ్రాంటిషెక్ పవ్లీచెక్. 1968లో సోవియట్ ట్యాంకులు వచ్చాక ఆయన మీద నిషేధం, సొంత పేరుతో అక్షరం ముక్క రాయడానికి లేదు, అందుకని టైటిల్స్‌లో బొహుమిలా జెలెన్‌కోవా పేరు వేశారు. ఆవిడ పేరు అరువిచ్చిందన్నమాట, అది బయటపడి ఉంటే ఆవిడకే ముప్పు. పాత ప్రింట్లకి సబ్‌టైటిల్ చేసినప్పుడు టైటిల్ కార్డుల మీద పేర్లు చూసి అదే నిజం అనుకోకూడదు అని నేను ప్రతి కొత్తవాళ్ళకీ చెప్పేది ఇందుకే.

అలాగని అన్నీ తిరుగుబాటు సినిమాలు కూడా కాదు. 1952లో వచ్చిన "గర్విష్ఠి రాకుమారి" చూడండి, పొరుగు రాజ్యపు రాజు తోటమాలి వేషంలో వచ్చి రాకుమారికి పనిచేయడం, అణకువ నేర్పుతాడు, పని గొప్పది అనే మాట అందులో గట్టిగానే వినిపిస్తుంది, ఆ కాలానికి తగ్గట్టు. కానీ అదే సినిమాలో ఆ రాకుమారి రాజ్యంలో జనం పాట పాడటం నిషేధం! అదే సంవత్సరం నవంబర్‌లో ప్రాగ్‌లో స్లాన్స్కీ కేసు విచారణ జరిగింది, కమ్యూనిస్టు పార్టీ తన సొంత పెద్ద నాయకుల మీదే దేశద్రోహం అని నడిపిన బూటకపు కేసు అది, 11 మందిని ఉరితీశారు. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ప్రచారం అనో ప్రతిఘటన అనో ఒక్క మాటలో తేల్చలేం, నేనైతే తేల్చను.

అపోహ: మ్రాజీక్ చెక్ సినిమా.

కాదు, సోవియట్ సినిమా, 1964, డైరెక్టర్ అలెగ్జాండర్ రో. కొత్త సంవత్సరానికి ఇక్కడ టీవీలో ఎన్నో ఏళ్ళుగా వేసి వేసి సొంతం చేసేసుకున్నారు. చెక్ డబ్బింగ్ అంత బాగుంటుంది మరి, మంత్రగత్తె ముసలిదానికి గొంతు ఇచ్చింది చెక్ హాస్యనటుడు ఫ్రాంటిషెక్ ఫిలిపొవ్‌స్కీ. ఆయన పేరు మీద ఇక్కడ ఏటా డబ్బింగ్ కళాకారులకి అవార్డులు కూడా ఇస్తారు.

అపోహ: స్టూడియో నాటకాలు చీప్‌గా ఉంటాయి, డబ్బుల్లేక అలా తీశారు.

ఇది కొంచెం ఓపిగ్గా వినండి. చెకోస్లోవాక్ టెలివిజన్ 1953 మే 1న ప్రాగ్‌లో మొదలైంది. మొదట్లో నాటకం అంటే లైవ్, రెండు మూడు కెమెరాల ముందు నటులు ఒక సెట్ నుంచి ఇంకో సెట్‌కి పరిగెత్తుకెళ్ళి ఆడేవాళ్ళు, డైలాగ్ మర్చిపోతే అదీ ప్రసారమే. స్క్రీన్ ముందు ఫిల్మ్ కెమెరా పెట్టి తీసి ఉంటే మిగిలింది, లేదంటే గాల్లో కలిసిపోయింది. తర్వాత వీడియో టేప్ వచ్చినా స్టూడియో లోపలి సీన్లు వీడియోలో, బయటి సీన్లు 16 ఎంఎం ఫిల్మ్‌లో తీసేవాళ్ళు, అందుకే తలుపు తీసి బయటికి రాగానే బొమ్మ రంగూ కదలికా మారిపోయినట్టు కనిపిస్తుంది. మీ టీవీలో తేడా ఏమీ లేదు. ఆ మొదటి అయిదు నిమిషాలు ఓర్చుకుంటే దాని బలం తెలుస్తుంది, మొహాలు దగ్గరగా, సీన్ తెగకుండా నటుడు పూర్తిగా ఆడటం. ఇక్కడి గొప్ప రంగస్థల నటులు అలాంటివి ఆడే టీవీ ద్వారా పల్లెల దాకా తెలిశారు.

అపోహ: నాటకం రికార్డింగ్ అంటే హాల్ వెనక ఒక కెమెరా పెట్టేస్తే సరి.

అలా తీస్తే చూడలేం. బయట వ్యాన్‌లో డైరెక్టర్ స్క్రిప్ట్ ముందు పెట్టుకుని ఏ మాటకి ఏ కెమెరా అని కట్ చేస్తూ కూర్చుంటాడు, ఎవరు మాట్లాడుతున్నారో కాదు, ఎవరి మొహం చూడాలో తనే నిర్ణయిస్తాడు. ఈ పని మీద ఇక్కడ ఎంత గౌరవం అంటే "జ్లాతా ప్రాహా" అని సంగీతం, నృత్యం, నాటకాల టీవీ కార్యక్రమాలకే ప్రత్యేకంగా అంతర్జాతీయ ఫెస్టివల్ 1964 నుంచి నడుస్తోంది.

మా సబ్‌టైటిల్ వాళ్ళకి కష్టం ఎక్కడంటే నవ్వు దగ్గర. ప్రాగ్‌లో జిష్కొవ్ అనే పేటలోని యారా త్సిమ్ర్‌మన్ థియేటర్ నాటకాలు తీసుకోండి, నటుడు మొహం సీరియస్‌గా పెట్టి ఆగుతాడు, తర్వాత ఆఖరి మాట అంటాడు, హాల్ పేలిపోతుంది. ఆ ఆఖరి మాట స్క్రీన్ మీద అరసెకను ముందు పడిందా, మన గదిలో జనం నటుడి కంటే ముందే నవ్వేస్తారు, నాటకం చచ్చిపోతుంది. అందుకే వాక్యాన్ని రెండు ముక్కలు చేసి రెండోది సరిగ్గా అతను నోరు తెరిచే ఫ్రేమ్ మీద వేస్తాను, తెలుగులో క్రియ చివర్లో వస్తుంది కాబట్టి ఇది మన భాషలో ఇంకా బాగా కుదురుతుంది. ఇంకో రిక్వెస్ట్, ఆ నాటకాల్లో మొదటి సగం పండితుల ఉపన్యాసాల్లా ఉంటుంది, పరిచయం అనుకుని స్కిప్ చేస్తుంటారు, అది నాటకంలో భాగమే! త్సిమ్ర్‌మన్ అనే మేధావి అసలు లేనేలేడు, కల్పించిన మనిషి, 2005లో అత్యంత గొప్ప చెక్ ఎవరని టీవీ పోల్ పెడితే జనం ఆయనకే ఓట్లు గుద్దారు, కల్పిత పాత్ర అని పక్కన పెట్టాల్సి వచ్చింది.

అపోహ: సబ్‌టైటిల్ ఫైల్ దించుకుని రెండు సెకన్లు అటూ ఇటూ జరిపితే సరిపోతుంది.

సినిమా ఫిల్మ్ సెకనుకి 24 ఫ్రేములు, ఇక్కడి టీవీ 25. పాత టీవీ కాపీల్లో సినిమాని అలాగే 25 మీద నడిపించేశారు, అంటే 90 నిమిషాల సినిమా 86 నిమిషాల 24 సెకన్లకే అయిపోతుంది, గొంతులు కూడా ఒక పిసరు సన్నగా వినిపిస్తాయి. మొదట్లో కరెక్ట్‌గా జరిపినా గంట దగ్గరికి వచ్చేసరికి రెండు నిమిషాల పైన తేడా వస్తుంది. జరపడం కాదు, సబ్‌టైటిల్ ఎడిటర్‌లో ఫ్రేమ్ రేట్ మార్చండి, 24 నుంచి 25కి. టీవీ కోసమే తీసిన నాటకాలకి ఈ గొడవ ఉండదు, అవి పుట్టుకతోనే 25.

చివరి అపోహ, అన్నీ ఆన్‌లైన్లో ఫ్రీగా ఉంటాయన్నది. చెక్ టెలివిజన్ వాళ్ళ ఆన్‌లైన్ వీడియో సైట్ ఐ-విసీలానీలో చాలా ఉన్నాయి, కానీ హక్కుల వల్ల కొన్ని ఈ దేశం దాటితే తెరుచుకోవు. హైదరాబాద్ నుంచో డల్లాస్ నుంచో ట్రై చేసి ఆడకపోతే డిస్క్ కొనుక్కోండి, పేరున్న సినిమాలు రీస్టోర్ చేసినవి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో దొరుకుతున్నాయి. తెలుగు ఫైల్ కావాలంటే మీ కాపీ మొత్తం నిడివి ఎంతో కామెంట్‌లో పెట్టండి, దానికి సరిపోయే ఫ్రేమ్ రేట్‌లో పంపిస్తా.