గూఢచర్యం: క్లాసులో నాకు రోజూ ఎదురయ్యే అపోహలు

చెన్నై అన్నానగర్‌లో సివిల్స్ పిల్లలకు అంతర్జాతీయ సంబంధాలు చెబుతాను. నెల్లూరు, తిరుపతి వైపు నుంచి వచ్చి ఇక్కడి హాస్టళ్లలో ఉంటూ చదువుకునే మనవాళ్లు బ్యాచ్‌కి పదిమందైనా ఉంటారు. ఒప్పందాలు, తీర్మానాలు చెబుతుంటే కునికిపాట్లు పడేవాళ్లు గూఢచారుల మాట ఎత్తగానే నిటారుగా కూర్చుంటారు. చిక్కల్లా, అప్పటికే వాళ్ల బుర్రలో సినిమా ఆడుతుంటుంది.

అపోహ: గూఢచారి అంటే మారువేషం, తుపాకీ.

మారువేషం వరకు సరే. మన సెయింట్ థామస్ మౌంట్ దగ్గర 1802లో బ్రిటిష్ అధికారి విలియం లాంబ్టన్ ఆధార రేఖ కొలిచి మొదలుపెట్టిన భూమి కొలతల సర్వే, పోను పోను హిమాలయాల దాకా పాకింది. ఆవల టిబెట్. అక్కడ తెల్లవాళ్లకు ప్రవేశం లేదు. అందుకని కుమావూ కొండల బడిపంతులు నైన్ సింగ్ రావత్‌కు శిక్షణ ఇచ్చి పంపారు. 1866 జనవరిలో ఆయన లాసా చేరాడు. జపమాలకు 108 పూసలుండాలి కదా, ఆయన మాలకు 100. నూరడుగులకో పూస జార్చేవాడు. ప్రార్థనచక్రంలో మంత్రాలకు బదులు ఆ లెక్కల కాగితాలు దాచేవాడు. పంతులుగారి అడుగుల లెక్కతో సామ్రాజ్యానికి టిబెట్ దారి తెలిసింది. (ఈ కథ చెప్పేటప్పుడు నా గొంతు కాస్త పెరుగుతుంది. నేనూ పంతులునే కదా!)

అపోహ: ముందే సమాచారం ఉంటే ప్రమాదం తప్పేది.

ఏ దాడి జరిగినా టీవీల్లో మొదట వినిపించే మాట ‘నిఘా వైఫల్యం’. కొన్నిసార్లు నిజమే. కానీ చరిత్రలో పెద్ద దెబ్బలు చాలావాటిలో కబురు ముందే అందింది. 1941లో హిట్లర్ సోవియట్ యూనియన్ మీద దాడి చేయబోతున్నాడని టోక్యో నుంచి సోవియట్ గూఢచారి రిచర్డ్ జోర్గే చెప్పాడు, బెర్లిన్ వైమానిక శాఖలోని మనిషి చెప్పాడు. ఆ రెండోవాడి కబురు జూన్ 17న స్టాలిన్ బల్ల మీదికొస్తే, ఆయన దాని మీదే బూతు రాసి తిప్పి పంపాడు. అయిదు రోజులకు, జూన్ 22న, జర్మన్ సేనలు సరిహద్దు దాటాయి.

1973లో ఇజ్రాయెల్ కథ ఇంకా ఘోరం. జోర్డాన్ రాజు హుసేన్ సెప్టెంబరు 25న స్వయంగా వచ్చి, యుద్ధం రావచ్చని ప్రధాని గోల్డా మెయిర్‌ను హెచ్చరించాడు. దూరం వెళ్లే యుద్ధ విమానాలు చేతికి రాకుండా ఈజిప్టు యుద్ధానికి దిగదని ఇజ్రాయెల్ సైనిక నిఘా పెద్దలు సిద్ధాంతం కట్టుకుని కూర్చున్నారు. కళ్లెదుట బలగాలు మోహరిస్తున్నా, విన్యాసాలేలే అనుకున్నారు. అక్టోబరు 6 మధ్యాహ్నం యుద్ధం మొదలైంది. రాజుకు చారులే కళ్లన్నారు మన పెద్దలు. ఆ కళ్లు చూసిందాన్ని నమ్మడం మాత్రం రాజు చేతిలోనే ఉంది.

అపోహ: అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ తలచుకుంటే ఏ ప్రభుత్వమైనా కూలుతుంది.

ఇరాన్‌లో ప్రధాని మొసద్దెక్‌ను దింపారుగా అంటారు. దింపారు, 2013లో బయటపెట్టిన పత్రాల్లో తామే ఒప్పుకున్నారు కూడా. కానీ 1953 ఆగస్టు 15 రాత్రి చేసిన మొదటి ప్రయత్నం బెడిసికొట్టి ఇరాన్ రాజు షా బాగ్దాద్‌కు పారిపోయాడు. నాలుగు రోజుల తర్వాత స్థానిక సైన్యం, వీధి గుంపులు కలిస్తేనే పని జరిగింది. 1961లో క్యూబాలో అలా కలిసొచ్చేవాళ్లు లేరు. సీఐఏ ప్రయత్నం అక్కడ విఫలమైంది.

అపోహ: రహస్యం ఎప్పటికీ రహస్యంగానే ఉంచాలి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన చర్చ ఇదే. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తున్న 1917 జనవరిలో జర్మన్ విదేశాంగ మంత్రి జిమ్మర్‌మాన్ మెక్సికోకు ఒక టెలిగ్రాం పంపాడు. అమెరికా యుద్ధానికి దిగితే మాతో కలవండి, టెక్సాస్ తిరిగి మీకే అన్నాడు. బ్రిటిష్‌వాళ్లు దాన్ని పట్టేశారు. అమెరికాకు చూపిస్తే తమ పంట పండినట్టే. కానీ ఆ టెలిగ్రాం వెళ్లింది అమెరికా దౌత్య తంతి మీదే! ‘మీ తంతి మేం చదువుతున్నాం’ అని ఎలా చెప్తారు? అందుకని మెక్సికో తంతి ఆఫీసులో అదే టెలిగ్రాంకు ఇంకో నకలు సంపాదించి, అక్కడే దొరికిందన్నట్టు చూపించారు. మార్చి 1న పత్రికలకెక్కింది. దొంగ టెలిగ్రామేమోనన్న అనుమానం ఉండేది, రెండు రోజులకు జిమ్మర్‌మానే అది నాదేనన్నాడు. ఏప్రిల్ 6న అమెరికా యుద్ధం ప్రకటించింది.

1999లో మనకూ అదే ధర్మసంకటం. బీజింగ్ హోటల్లోని పాక్ సైన్యాధిపతి ముషారఫ్, రావల్పిండిలోని జనరల్ అజీజ్ కార్గిల్ గురించి మాట్లాడుకున్న ఫోన్ సంభాషణ మన విదేశీ నిఘా సంస్థ ‘రా’ చెవిన పడింది. పాక్ విదేశాంగ మంత్రి ఢిల్లీ రావడానికి ముందురోజు, జూన్ 11న, ప్రభుత్వం ఆ టేపులు బయటపెట్టింది. చొరబడింది తమ సైన్యం కాదు, ముజాహిదీన్లేనన్న పాక్ వాదన చెల్లకుండా పోయింది. అవతలివాళ్లూ ఆ ఫోన్ దారి జాగ్రత్తపడి ఉంటారు, అందుకే బయటపెట్టడం తప్పన్నవాళ్లూ ఉన్నారు. నా మటుకు, ఆ సమయానికి ఆ బేరం గిట్టుబాటే. క్లాసులో సగంమంది ఒప్పుకోరు.

చివర్లో ఎవరో ఒకరు గొంతు తగ్గించి అడుగుతారు: ‘సార్, ఇందులో ఉద్యోగం రావాలంటే ఎవరినైనా పట్టుకోవాలా?’ అక్కర్లేదు నాయనా. ఇంటెలిజెన్స్ బ్యూరోలో ఏసీఐఓ (అసిస్టెంట్ సెంట్రల్ ఇంటెలిజెన్స్ ఆఫీసర్) పోస్టులకు నోటిఫికేషన్ అందరికీ కనపడేలాగే వేస్తారు. అందులో కరాటే అడగరు, వ్యాసం రాయమంటారు.